ఎంజీబీ డోరుకు సైడ్ మిర్రర్లు బిగించడం: చోటు వెతకడం నుంచి చివరి స్క్రూ దాకా

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు డోరుకు ఒకసారి బెజ్జం పడిందంటే ఇక అది అక్కడే ఉంటుంది. పూడ్చాలంటే వెల్డింగ్ చేయించాలి. ఆ తర్వాత డోరంతా రంగు వేయించాలి. ఆ రంగు పక్కనున్న మడ్‌గార్డు రంగుతో కలవకపోతే దానికీ వేయించాలి. మిర్రర్ ధరకు ఎన్నో రెట్లు ఖర్చు.

నాకిది అనుభవం మీద తెలిసింది. ఇంగ్లండులో నా 1972 రోడ్‌స్టర్‌కు (బట్ట టాప్ ఉండే ఎంజీబీకి) మొదటిసారి మిర్రర్ పెట్టినప్పుడు, అదే మోడల్ ఉన్న ఒకాయన దగ్గర కొలతలు తీసుకున్నాను. డోరు ముందు అంచు నుంచి ఇంత, పై అంచు నుంచి ఇంత అని గీత గీసి అరగంటలో పని ముగించాను. బయట నిలబడి చూస్తే ఎంతో బాగుంది. సీట్లో కూర్చుంటే మాత్రం మిర్రర్‌లో సగం ఒక నిలువు కడ్డీ వెనక దాక్కుంది. ఆయన నాకంటే బాగా పొడుగు, సీటు పూర్తిగా వెనక్కి జరుపుకుని నడుపుతారు. ఆయన కళ్లకు సరిపోయిన చోటు నా కళ్లకు సరిపోలేదు.

అందుకే ఇక్కడ మీకు రెడీమేడ్ కొలత ఇవ్వను. మీ కొలతను మీరే ఎలా కనుక్కోవాలో, కనుక్కున్నాక రేకు పాడవకుండా ఎలా బిగించాలో చెబుతాను. మిగతా పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకూ ఇదే పద్ధతి చాలావరకు పనికొస్తుంది, కానీ నేను చేత్తో చేసింది ఎంజీబీ మీదే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

అసలు ఈ కారుకు మిర్రర్లు ఎందుకు లేవు

ఎంజీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1980 అక్టోబరు దాకా తయారైంది. మొత్తం ఐదు లక్షలకు పైగా కార్లు. తొలి ఏళ్లలో బ్రిటన్‌లో అమ్మిన కార్లకు లోపలి మిర్రర్ ఉంటే చాలనుకునేవారు. బయటి మిర్రర్ కావలసినవాళ్లు విడిగా కొని బిగించుకునేవారు, అది కూడా ఎక్కువగా ముందు మడ్‌గార్డుల మీద. మన అంబాసిడర్లకు మిర్రర్లు ముందు మడ్‌గార్డుల మీద నిలబడి ఉండటం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. రెండు కార్లకూ చుట్టరికం కూడా ఉంది. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి. అందులోని 1489 సీసీ ఇంజిను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిను ఒకే బీ-సిరీస్ కుటుంబానివి.

ఇప్పటి రోడ్ల మీద లోపలి మిర్రర్ ఒక్కటీ చాలదు. టాప్ వేసినప్పుడు వెనక ప్లాస్టిక్ కిటికీ మసకబారి ఉంటుంది, ఆ పక్కల బట్ట అడ్డం. మోటార్‌వేలో 70 మైళ్ల వేగంతో పక్క లేన్లో వచ్చే వ్యాను, మన కారు ఎంత చిన్నదో ఊహించదు. చూసుకోవాల్సింది మనమే.

చట్టం సంగతి. బ్రిటన్‌లో 1978 మధ్యలో నిబంధన మారింది. ఆ తర్వాత తొలిసారి రోడ్డెక్కిన కార్లకు డ్రైవరు వైపు బయటి మిర్రర్ తప్పనిసరి, దానికి తోడు లోపలిది గానీ ఎడమవైపుది గానీ ఉండాలి. అంతకు ముందు కార్లకు ఒక్క మిర్రర్ ఉంటే సరిపోతుంది. 2018 మే 20 నుంచి, నలభై ఏళ్లు దాటి పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటా చేయించే ఎంఓటీ అనే భద్రతా పరీక్ష నుంచి మినహాయింపు వచ్చింది. ఎంజీబీలన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. అయినా కారు రోడ్డు మీద తిరగడానికి తగినట్టు ఉంచుకునే బాధ్యత మనదే, దానికి మినహాయింపు లేదు. మీ కారుకు చట్టం అడగకపోయినా రెండు వైపులా పెట్టమనే నా సలహా.

ఏ మిర్రర్ కొనాలి

డోరు మీదా, మడ్‌గార్డు మీదా అన్నది మొదటి ప్రశ్న. మడ్‌గార్డు మీద ఉన్నది చూడటానికి తల పెద్దగా తిప్పక్కర్లేదు, 60ల నాటి అందమూ ఉంటుంది. కానీ కంటికి దూరం కాబట్టి బొమ్మ చాలా చిన్నగా కనిపిస్తుంది. సీట్లో కూర్చుని సర్దుకోవడం కుదరదు. రోజూ నడిపే కారైతే డోరు మీదే పెట్టండి. నేనూ అదే చేశాను, మిగతా వ్యాసం ఎక్కువగా దాని గురించే.

గ్లాసు రెండు రకాలు. బల్లపరుపు గ్లాసు దూరాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, కానీ చూపించేది సన్నని ముక్క. ఉబ్బెత్తు గ్లాసు ఎక్కువ మేర చూపిస్తుంది, బండ్లు మాత్రం ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తాయి. కొందరు కుడివైపు బల్లపరుపుది, ఎడమవైపు ఉబ్బెత్తుది పెడతారు. నాకు అది నచ్చదు. రెండు పక్కలా రెండు లెక్కలుంటే తొందరలో కన్ను పొరబడుతుంది. ఈ కార్లకు నప్పే మిర్రర్లు చిన్నవి, నాలుగంగుళాలకు అటూ ఇటూ. అంత చిన్నదాంట్లో బల్లపరుపు గ్లాసు పక్క లేను మొత్తం చూపించలేదు. రెండూ ఉబ్బెత్తువే తీసుకుని, దూరం తేల్చుకోవడానికి లోపలి మిర్రర్‌తో పోల్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

కొనేటప్పుడు పీఠం కింద వేలు పెట్టి చూడండి. అది పూర్తి బల్లపరుపుగా ఉంటే ఎంజీబీ డోరు పైభాగపు వంపు మీద సరిగా కూర్చోదు, మందపాటి రబ్బరు గాస్కెట్ కావాలి. కొన్ని మిర్రర్లకు కుడి, ఎడమ అని తేడా ఉంటుంది, అది కూడా అడగండి. చాలా డోరు మిర్రర్ల నిర్మాణం ఇలా ఉంటుంది: ఒక చిన్న పలకను రెండు స్క్రూలతో డోరుకు బిగిస్తాం, దాని మీదికి మిర్రర్ కాలు జారుతుంది, కింద ఒక చిన్న గ్రబ్ స్క్రూ (తల లేకుండా పూర్తిగా లోపలికి దిగే స్క్రూ) దాన్ని పట్టి ఉంచుతుంది.

బెజ్జం పెట్టడానికే మనసొప్పకపోతే డోరు అంచుకో, క్వార్టర్‌లైట్ (డోరు ముందు మూలలో ఉండే చిన్న గాజు) ఫ్రేముకో క్లాంపుతో బిగించేవి దొరుకుతాయి. వేగం పెరిగేకొద్దీ అవి అదురుతాయి, క్లాంపు కింద రంగు అరుగుతుంది. 1962-65 నాటి, లాగి తెరిచే డోరు హ్యాండిళ్లున్న తొలి కారు మీ దగ్గరుండి, దాని రేకుకు ఇంతవరకు ఒక్క బెజ్జమూ పడకపోతే మాత్రం క్లాంపుదే వాడండి. అలాంటి డోరును అలాగే ఉండనివ్వాలి.

డోరు లోపల ఏముందో ముందు చూడండి

డ్రిల్ తీయకముందే లోపలి ట్రిమ్, అంటే డోరును లోపలి వైపు కప్పే బోర్డు, విప్పాలి. గ్లాసు దించే హ్యాండిల్ మధ్య స్క్రూ, చేత్తో లాగే పట్టీ స్క్రూలు విప్పాక ట్రిమ్ బోర్డును అంచుల దగ్గర నెమ్మదిగా లాగాలి. ఏడాదిని బట్టి బిగింపులు మారతాయి. క్లిప్పు రాకపోతే బలవంతం చేయకుండా దాని పక్కనే వెడల్పాటి చెక్క ముక్క దూర్చి ఎత్తండి. పాత బోర్డు తడికి నాని ఉంటుంది, క్లిప్పు దగ్గర ఇట్టే చిరుగుతుంది.

ఇప్పుడు టార్చి వేసి చూడండి. ముందు మూలలోని క్వార్టర్‌లైట్‌ను గమనించండి. దాని వెనక నిలువు కడ్డీ డోరు లోపలికి కూడా దిగి, పెద్ద గ్లాసు జారే గాడిగా పని చేస్తుంది. ఆ కడ్డీకి వెనక స్క్రూ దిగితే పెద్ద గ్లాసు దారిలోకి వస్తుంది. ముందు దిగితే గ్లాసుతో పేచీ లేదు, కానీ ఫ్రేము బ్రాకెట్లు ఉండవచ్చు. గ్లాసు పైకీ కిందికీ పూర్తిగా తిప్పుతూ, బయటి రేకుకూ గ్లాసుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఒక పుల్లతో కొలవండి. మీ స్క్రూ లోపలికి ఎంత పొడుచుకు రావచ్చో చెప్పేది ఆ కొలతే. దానికి కనీసం 5 మి.మీ. తక్కువ ఉంచుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎంజీబీ డోరుకు పుట్టుకతో ఒక బలహీనత ఉంది. క్వార్టర్‌లైట్ కడ్డీ డోరు పై అంచును కలిసే చోట బయటి రేకు పగులుతుంది. అంచు నుంచి కిందికి వెంట్రుకలాంటి గీత వస్తుంది. ఆ ఫ్రేము అదురంతా అక్కడికే చేరుతుంది కాబట్టి అలా అవుతుంది. మీ డోరు మీద ఆ చోటు తుడిచి, ఏటవాలు వెలుతురులో చూడండి. గీత ఉంటే ముందు దాన్ని వెల్డింగ్‌తో సరిచేయించండి, మిర్రర్ తర్వాత. గీత లేకపోయినా ఆ చోటికి కనీసం మూడు వేళ్ల దూరంలో బెజ్జం పెట్టాలి. గాలికి ఊగే బరువును సరిగ్గా ఆ బలహీనమైన చోట వేలాడదీయకండి.

చోటు వెతకడం

ఈ పనికి ఒక పూట కేటాయించండి. ఒక మనిషి సాయం కావాలి. టాప్ వేసి ఉంచండి, ఎందుకంటే చూపుకు అడ్డాలు ఎక్కువగా ఉండేది అప్పుడే. సీటు మీరు నిజంగా నడిపే చోటికి జరుపుకుని, నడిపే బూట్లే వేసుకుని, బెల్టు పెట్టుకుని కూర్చోండి. లోపలి మిర్రర్ ముందు సరిచేసుకోండి.

మిర్రర్‌ను బ్లూ టాక్ అనే అంటుకునే ముద్దతో గానీ రెండు వైపులా అంటే ఫోమ్ టేపుతో గానీ డోరు మీద నిలబెట్టండి. రంగు మీద ముందే మాస్కింగ్ టేప్ వేయండి. ఇది కారు ఆగి ఉన్నప్పుడు మాత్రమే, ఇలా అంటించుకుని రోడ్డెక్కకూడదు.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. మిర్రర్ ఎక్కడ ఉందో చూశాను తప్ప, నా చూపు గ్లాసును ఎక్కడ దాటుతుందో చూడలేదు. మిర్రర్ డోరుకు బయట ఉంటుంది, కన్ను లోపల, వెనక్కి ఉంటుంది. కాబట్టి కంటి నుంచి మిర్రర్‌కు గీత గీస్తే అది గ్లాసును మిర్రర్ కంటే వెనక ఎక్కడో దాటుతుంది. ఆ దాటే చోట నిలువు కడ్డీ ఉందంటే మిర్రర్ ఎంత మంచిదైనా దండగే.

ఒక లెక్క వేద్దాం. కంటి నుంచి కుడి గ్లాసుకు అడ్డంగా 35 సెం.మీ., గ్లాసు నుంచి బయటికి మిర్రర్ మధ్యకు 12 సెం.మీ. అనుకోండి. కన్ను మిర్రర్ కంటే 50 సెం.మీ. వెనక ఉంది. అప్పుడు చూపు గ్లాసును మిర్రర్‌కు సుమారు 13 సెం.మీ. వెనక దాటుతుంది. అదే పొడుగు మనిషి సీటు వెనక్కి జరుపుకుని, కన్ను 65 సెం.మీ. వెనక ఉంటే, దాటే చోటు 16 సెం.మీ. పైమాటే. ఆ మూడు నాలుగు సెంటీమీటర్ల తేడాలోనే కడ్డీ ఇరుక్కుంటుంది. నాకు కొలతలిచ్చిన ఆయన చూపు కడ్డీ వెనక నుంచి హాయిగా వెళ్లింది, నాది నేరుగా కడ్డీకి తగిలింది.

లెక్క కంటే దారం సులువు. గ్లాసు దించి, దారం ఒక కొస మిర్రర్ మధ్యలో టేపుతో అంటించి, రెండో కొస మీ ముక్కు పైభాగం దగ్గర, రెండు కళ్ల మధ్య పట్టుకోండి. దారం కడ్డీకి వెనక నుంచి, కనీసం నాలుగు సెంటీమీటర్ల ఎడంతో పోవాలి. మిర్రర్ వెడల్పులో సగానికి కొంచెం ఎక్కువ ఎడం ఉంటే అంచులు కూడా కనిపిస్తాయి. క్వార్టర్‌లైట్ గాజు గుండా చూసేలా పెట్టడమూ కుదురుతుంది, కానీ వానలో ఆ గాజు మీద నీటి చుక్కలు నిలిచిపోతాయి, తెరిస్తే ఫ్రేము అడ్డమొస్తుంది. కుడివైపుకు మాత్రం కడ్డీ వెనక నుంచి చూపు పోవడమే మేలు. క్వార్టర్‌లైట్ పూర్తిగా తెరిచి, అది మిర్రర్‌కు తగలడం లేదని కూడా చూసుకోండి.

ఇప్పుడు సాయం వచ్చిన మనిషిని కారుకు పది పదిహేను మీటర్ల వెనక, పక్క లేను ఉండే చోట నిలబెట్టి నెమ్మదిగా ముందుకు నడవమనండి. మొదట లోపలి మిర్రర్‌లో కనిపించాలి. అందులోంచి తప్పుకోక ముందే బయటి మిర్రర్‌లోకి రావాలి. బయటి మిర్రర్‌లోంచి తప్పుకునే సరికి మీ కంటి కొసకు నేరుగా కనిపించాలి. ఈ మూడింటి మధ్య ఎక్కడైనా మనిషి మాయమైతే మిర్రర్‌ను వేరే కోణంలో తిప్పండి, అప్పటికీ కుదరకపోతే చోటు మార్చండి. ఎత్తు కూడా ఇప్పుడే తేలుతుంది. గ్లాసు కింది అంచు మిర్రర్‌కు అడ్డు రాకూడదు.

చోటు కుదిరాక వెంటనే గీయకండి. దిగి, కాసేపు తిరిగి, మళ్లీ కూర్చుని చూడండి. కొత్తగా కూర్చున్నప్పుడు మనం నిటారుగా కూర్చుంటాం, పది నిమిషాలకు నడుము కిందికి జారుతుంది, కన్ను కూడా.

ఎడమవైపు వేరే లెక్క

చాలామంది కుడివైపు చోటు ఖాయం చేసుకుని, అదే కొలత ఎడమకు పెడతారు. ముందు నుంచి చూస్తే జోడీ ముచ్చటగా ఉంటుంది. కానీ ఎడమ గ్లాసు మీ కంటికి దాదాపు మీటరు దూరం. పై లెక్కలో 35కు బదులు 100 పెట్టి చూడండి. చూపు గ్లాసును మిర్రర్‌కు అయిదు సెంటీమీటర్ల వెనకే దాటుతుంది. అంటే కుడివైపు కడ్డీని తప్పించుకున్న చోటే ఎడమవైపు కడ్డీ చాటునో, దాన్ని ఆనుకునో పడే అవకాశం ఎక్కువ.

దారం పద్ధతి ఎడమవైపు మళ్లీ చేయండి. జోడీ చెడకుండా పని జరిగితే సంతోషమే. జరగకపోతే రెండు దారులు: ఎడమ మిర్రర్‌ను కొంత వెనక్కి జరపడం, లేదా రెండింటినీ కలిపి సర్దుతూ రెండు వైపులకూ కుదిరే చోటు వెతకడం. నేను ఎడమదాన్ని వెనక్కి జరిపాను. పక్కన నిలబడి రెండు డోర్లూ ఒకేసారి ఎవరూ చూడలేరు. లేను మారేటప్పుడు ఎడమ మిర్రర్ చూడాల్సింది నేను.

గుర్తు పెట్టడం, బెజ్జం వేయడం

మిర్రర్ పలకను పల్చటి అట్ట మీద పెట్టి చుట్టూ గీసి, స్క్రూ బెజ్జాలు గుర్తించి, కత్తిరించండి. డోరు మీద రెండు వరసల మాస్కింగ్ టేప్ అడ్డంగా, నిలువుగా వేసి, దాని మీద అట్ట పెట్టి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కొలతలు డోరు అంచుల నుంచే తీసుకోండి. పక్కన పొడుగునా సాగే క్రోమ్ పట్టీ నుంచి కొలిస్తే సులువనిపిస్తుంది, కానీ ఇన్నేళ్లలో ఎవరో ఒకరు దాన్ని తీసి మళ్లీ పెట్టి ఉంటారు. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉందన్న నమ్మకం లేదు.

రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. సెంటర్ పంచ్‌ను గట్టిగా కొడితే సొట్ట పడుతుంది. లోపలి నుంచి సాయం మనిషి ఒక చెక్క ముక్కను ఆనించి పట్టుకుంటే, బయట నుంచి సుత్తితో మెల్లగా ఒకే దెబ్బ. డ్రిల్ మొన జారకుండా చిన్న గుంట పడితే చాలు.

గ్లాసును దారిలోంచి తప్పించి, రేకుకూ గ్లాసుకూ మధ్య పలచటి ప్లైవుడ్ ముక్క దూర్చండి. డ్రిల్ బిట్‌కు చిన్న రబ్బరు గొట్టం ముక్క తొడిగి, మొన 5 మి.మీ. మాత్రమే బయటికి వచ్చేలా చేయండి. రేకు తెగిన క్షణంలో చెయ్యి ముందుకు పడుతుంది, ఆ గొట్టమే ఆపుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

మొదట 3 మి.మీ. బిట్, నెమ్మది వేగం, మొన మీద ఒక చుక్క నూనె. ఒక్క బెజ్జమే వేయండి. దాని గుండా పలకను వదులుగా పట్టించి, మిర్రర్ నిలబెట్టి, సీట్లో కూర్చుని ఇంకోసారి చూడండి. పలకను ఆ స్క్రూ మీద కొంచెం అటూ ఇటూ తిప్పుకునే వీలు ఇప్పటికీ ఉంది. కోణం ఖాయమయ్యాకే రెండో బెజ్జం. పెద్దది చేయడానికి మామూలు బిట్ కంటే మెట్లమెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ వాడండి. పల్చటి రేకులో మామూలు పెద్ద బిట్ బెజ్జాన్ని గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా చీలుస్తుంది.

స్క్రూను నేరుగా రేకులోకి బిగించే పద్ధతి నాకు నమ్మకం లేదు. మిల్లీమీటరు రేకులో మర ఎంతని పడుతుంది? చెయ్యి లోపలికి పోయే చోటైతే వెనక నుంచి నట్టు వేసి, దాని కింద ఒకటిన్నర మిల్లీమీటరు మందం పలక ముక్క పెట్టండి. అగ్గిపెట్టె అంత ఉంటే చాలు, బరువు నలువైపులా పంచుతుంది. చెయ్యి అందకపోతే రివెట్ నట్లు, అంటే బయటి వైపు నుంచే రేకుకు బిగిసే నట్లు. 5 మి.మీ. రివెట్ నట్‌కు 7 మి.మీ. బెజ్జం, 4 మి.మీ. దానికి 6 మి.మీ. బెజ్జం.

మరల విషయంలో జాగ్రత్త. ఎంజీబీలో ఎక్కువగా వాడింది యూఎన్ఎఫ్ అనే అంగుళాల లెక్క సన్న మర. పాత మిర్రర్లతో 2బీఏ (పాత బ్రిటిష్ మర) స్క్రూలు రావచ్చు, ఇప్పుడు తయారయ్యేవాటితో ఎం5 (మిల్లీమీటర్ల మర) రావచ్చు. 2బీఏ మందం 4.7 మి.మీ., మర దూరం 0.81. ఎం5 మందం 5, మర దూరం 0.8. పదో నంబరు యూఎన్ఎఫ్ 4.8 మందం, 0.79. మూడూ పక్కపక్కన పెడితే కంటికి ఒక్కలాగే ఉంటాయి, రెండు చుట్లు తిరుగుతాయి కూడా. మూడో చుట్టుకు పట్టేస్తాయి, ఇంకాస్త బలం పెడితే మర పోతుంది. వేళ్లతో చివరిదాకా తిరగని స్క్రూకు స్పానర్ వేయకండి.

తుప్పుకు దారి మూయడం

ఇంగ్లండు వానలో, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పులో, రంగు లేని రేకు అంచు ఒక్క సీజన్ చాలు ఎర్రబడటానికి. ఈ పనిని ఎవరూ చూడరు కాబట్టి ఎక్కువమంది వదిలేస్తారు. దయచేసి వదలకండి.

బెజ్జం అంచు గరుకును చిన్న గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా తీయండి. టేప్ తీసేటప్పుడు బెజ్జం వైపుకు లాగితే రంగు పెచ్చు లేవదు. తర్వాత జింక్ ప్రైమర్‌ను సన్నటి బ్రష్‌తో అంచుకు, లోపలి ముఖానికి రెండు పూతలు, ఆపై కారు రంగు. రాత్రంతా ఆరనివ్వండి. ఆత్రంగా తడి పూత మీదే గాస్కెట్ వేస్తే అది అతుక్కుని, తర్వాత విప్పినప్పుడు పూతనంతా లాగేస్తుంది.

ఇనుప రజను డోరు అడుగున పడి ఉంటుంది. వ్యాక్యూమ్‌తో, అయస్కాంతంతో పూర్తిగా తీయండి. అది నీళ్లు పోయే కింది బెజ్జాలకు అడ్డుపడుతుంది, అక్కడే తుప్పు పడుతుంది. ఎంజీబీ డోర్లు కింది అంచున కుళ్లిపోవడానికి నీళ్లు నిలవడమే పెద్ద కారణం. ట్రిమ్ విప్పే ఉంది కాబట్టి ఆ బెజ్జాలను ఒక తీగతో శుభ్రం చేసి, అడుగున వాక్సాయిల్ లాంటి మైనపు పూత కొట్టండి. ఈ అవకాశం మళ్లీ ఎప్పుడో గాని రాదు.

బిగించడం

గాస్కెట్, పలక, స్క్రూలు ఆ వరసలో. స్టీలు స్క్రూ రంగును తాకే చోట నైలాన్ వాషర్ వేయండి. స్క్రూ మరకు కొంచెం మైనపు గ్రీజు. రెండు స్క్రూలనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. గాస్కెట్ అంచు చుట్టూ సమంగా నొక్కుకుంటే చాలు, ఉబికి బయటికి వచ్చిందంటే రేకు లోపలికి వంగుతున్నట్టే. గ్లాసును కిందిదాకా దించి పైకి తిప్పండి, ఎక్కడా గీరుకున్న చప్పుడు రాకూడదు. ఆ తర్వాతే మిర్రర్ కాలు జార్చి గ్రబ్ స్క్రూ బిగించండి. అది చాలా చిన్నది, సరిపోయే అలెన్ కీ వాడకపోతే కీ పెట్టే గుంట అరిగిపోతుంది. దాని గుంతలో కొంచెం గ్రీజు నింపితే, అయిదేళ్ల తర్వాత కూడా విప్పగలుగుతారు.

ట్రిమ్ వెనక ప్లాస్టిక్ షీటు ఉంటే దాన్ని తిరిగి అంటించండి, చిరిగి ఉంటే కొత్తది కోయండి. నీటిని ట్రిమ్ బోర్డుకు తగలకుండా ఆపేది అదే.

మడ్‌గార్డు మీదే కావాలంటే

చోటు వెతకడం అదే పద్ధతి, కాకపోతే ఇప్పుడు చూపు ముందు అద్దం గుండా పోతుంది. వైపర్లు తుడిచే మేర లోపలే మిర్రర్ కనిపించాలి, లేకపోతే వానలో దాని అవసరం ఎక్కువున్నప్పుడే అది కనిపించదు. సాయం మనిషి మిర్రర్ పట్టుకుని మడ్‌గార్డు వెంట జరుపుతుంటే మీరు సీట్లోంచి చెప్పాలి. నట్టు కింద నుంచి వేయాలి కాబట్టి కారును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రం తీయాలి. ఒక్క జాకీని నమ్మి మడ్‌గార్డు కిందికి తల పెట్టకండి. చక్రం విసిరే బురద, ఉప్పు నేరుగా ఆ నట్టుకే తగులుతుంది, అందుకే డోరు కంటే రెట్టింపు శ్రద్ధతో మైనపు పూత వేయాలి. ఎంజీబీ ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి, విప్పి మార్చుకోవచ్చు. పొరపాటు జరిగినా డోరంత నష్టం ఉండదు.

రోడ్డు మీద

మొదట ఇంటి దగ్గరి వీధుల్లో ఒక చుట్టు వేయండి. తర్వాత 50, 60 మైళ్ల వేగంలో చూడండి. బొమ్మ చెదిరిపోతుంటే మిర్రర్ తలను పట్టుకునే కీలు వదులుగా ఉందా, పీఠమే ఊగుతోందా అని వేలితో తట్టి తెలుసుకోండి. కీలైతే దాని స్క్రూ కొంచెం బిగించాలి. పీఠం ఊగుతుంటే వెనక పలక సరిపోలేదని అర్థం, ఇంకొంచెం పెద్దది వేయండి. ఇంజిను ఉత్తినే తిరుగుతున్నప్పుడు కొంచెం అదరడం ఈ కారు స్వభావం, దాని గురించి టెన్షన్ పడకండి.

ఎడమ మిర్రర్‌ను మొదటి వారంలో రెండు మూడుసార్లు సర్దాల్సి వస్తుంది. అందులో మీ కారు పక్క భాగం ఒక సన్నటి గీతలా కనిపించాలి, మిగతాదంతా రోడ్డే. మొదటి వంద మైళ్ల తర్వాత గ్రబ్ స్క్రూ, పీఠం స్క్రూలు ఇంకోసారి చూడండి, గాస్కెట్ నలిగి సర్దుకున్నాక అవి కొంచెం వదులవుతాయి. క్వార్టర్‌లైట్ కడ్డీ కింద ఆ పగులు గీత మొదలవుతోందేమో అని కారు కడిగినప్పుడల్లా వేలితో తడిమి చూడండి.